బోర్డు అడగని ప్రశ్న

ఆదివారం మధ్యాహ్నం షాపు షట్టర్ సగానికి దించి, బల్ల మీది రాగితీగ చుట్టలు పక్కకి నెట్టి, మోటార్లు బాగుచేసే మెకానిక్ ఉత్తుత్తి ఇంటర్వ్యూ బోర్డుకి ఛైర్మన్ అయి కూర్చున్నాడు. పక్కన అతని చెల్లెలు. ఆవిడ దర్జీ. మేనకోడలి నల్లకోటుకి గుండీ కుడుతూనే బోర్డు మెంబరు ఉద్యోగం వెలగబెడుతోంది.

బయట నుంచి కూతురు షట్టర్ తట్టింది.

"లోపలికి రావచ్చా సర్?"

"రండి. కూర్చోండి."

తండ్రి నోట ఆ "రండి" విన్న మొదటి రోజు పిల్ల పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది. ఇప్పుడు నవ్వడం లేదు. లా చదివి, మూడేళ్ళు కోర్టులో ప్రాక్టీసు చేసి ప్రాసిక్యూటర్ ఉద్యోగానికి రాతపరీక్ష గట్టెక్కింది. రేపే ఇంటర్వ్యూ. కోర్టులో ప్రభుత్వం తరఫున నిలబడి నేరం చేసినవాళ్ళ మీద కేసు నడిపే ఉద్యోగం. అది రావాలని ఆమెకంటే అతనికే ఎక్కువ ఆత్రం. ఎందుకో ఆ ఇంట్లో అందరికీ తెలుసు. ఎవరూ పైకి అనరు.

ఆరేళ్ళ కిందట రోడ్డు దాటుతున్న అతని భార్యని ఒక వ్యాను గుద్దేసి పోయింది. వ్యాను దొరికింది. డ్రైవరూ దొరికాడు. కేసు మాత్రం నిలబడలేదు. ఆ వేళ తోలింది వాడేనని చెప్పేవాళ్ళు లేరు. ప్రాసిక్యూటరు లేచి, సాక్ష్యం చాలదు, కేసు వెనక్కి తీసుకుంటామన్నాడట. అన్నాడట అనే అనాలి, మెకానిక్ అప్పుడు కోర్టు వరండాలో ఉన్నాడు. గుమాస్తా బయటికొచ్చి, "ఇంకా కూర్చున్నావేంటి? మీది అయిపోయింది" అని కాగితాల కట్ట చంకలో పెట్టుకుని పోయాడు.

గుమాస్తాని అతను క్షమించలేదు. ప్రాసిక్యూటర్ని అసలే క్షమించలేదు. క్షమించడాలు పెద్దమనుషుల పని, నాది మోటార్లు చుట్టే పని అంటాడు. అలాంటి కేసు తన చేతికొస్తే ఉడుంపట్టు పట్టి వదలనని కూతురు ఒక్కమాటంటే చాలు, కడుపులో మంట కాస్త తగ్గుతుందని అతని ఆశ.

ముందు మెంబరుగారు అందుకుంది. "మీకు కోపం ఎక్కువని విన్నాం. ఎవరి పోలిక?"

"అదేం ప్రశ్న అత్తా?"

"మెంబర్ని పట్టుకుని అత్తా అంటే మార్కులు కోసేస్తా."

"దర్జీకి కొయ్యడం కాక ఇంకేం వచ్చు!"

ఛైర్మన్ బల్ల మీద వేలితో కొట్టాడు. ఇన్నాళ్ళూ నాలిక చివరిదాకా తెచ్చుకుని మింగేసిన ప్రశ్న ఇవాళ అడిగేశాడు.

"ఒక ఆడమనిషి రోడ్డు దాటుతోంది. వ్యాను గుద్దింది. డ్రైవరు నేను కాదంటాడు. కేసు మీ చేతికొచ్చింది. ఏం చేస్తారు?"

చెల్లెలి చేతిలో సూది ఆగిపోయింది. "అన్నయ్యా..."

"నువ్వుండవే."

కూతురు గొంతు సవరించుకుంది. "బండి యజమాని ఏం చెప్పాడు సర్?"

"తాళాలు గోడకే వేలాడతాయి, ఎవడు తీశాడో తెలియదన్నాడు."

"చూసినవాళ్ళు?"

"బండిని చూశారు. మొహం చూడలేదు."

"మళ్ళీ వెతకమని పోలీసుల వెంట పడతాను. ఆ వీధిలో ప్రతి ఇంటికీ పంపిస్తాను. అప్పటికీ దొరక్కపోతే..." ఆగింది. "సాక్ష్యం చాలదని నేనే కోర్టుకి చెబుతాను సర్."

"వాడే గుద్దాడని నీకు తెలుసు కదే!"

"అనిపిస్తుంది నాన్నా. తెలియదు. నాకు అనిపించిందని ఒక మనిషిని జైల్లో పెట్టమనలేను."

"అది మీ అమ్మ."

"అందుకే అన్నం సయించక ఛస్తున్నాను. నీకు నచ్చే జవాబు కూడా నాకు వచ్చు. చెప్పమంటే చెబుతాను."

చెప్పు అనబోయాడు. చూపు గుమ్మం వైపు పోయింది. షట్టర్ కింద నుంచి ఎండ నేల మీదికి పలకలా పరుచుకుని ఉంది. అక్కడ పీట వేసుకుని కూర్చునేది అతని భార్య. తను తెచ్చిన అన్నం క్యారియర్ ఖాళీ అయ్యేదాకా కదిలేది కాదు. "ఏమండోయ్ ఇంజనీరుగారూ, ఈ మోటారు ఈ జన్మలో తిరుగుతుందా?" అని ఎకసెక్కం ఆడేది. ఆవిడ పోయాక అతన్ని ఎకసెక్కమాడే ధైర్యం ఎవరికీ లేదు. అందరూ గౌరవిస్తున్నారు. ఆ గౌరవం తగలబడిపోనూ, ఒక్కసారి ఆ గొంతు వినపడితే చాలు.

"ఆ ప్రాసిక్యూటరూ ఇదే అన్నాడు," అన్నాడు చివరికి. "సరే. కోర్టుకి చెప్పేశారు. తర్వాత?"

"కోర్టు ఒప్పుకుంటే కేసు ముగిసినట్టే సర్."

"ముగిసింది. వరండాలో దాని మొగుడు కూర్చున్నాడు. పొద్దున్నుంచీ మంచినీళ్ళకి కూడా లేవలేదు. వాడికి ఎవరు చెబుతారు?"

పుస్తకాలన్నీ తిరగేస్తున్నట్టు పైకి చూసింది. "గుమాస్తా..." అనబోయి నాలిక కరుచుకుంది. లేచి షట్టర్ కింద నుంచి వంగి బయటికి వెళ్ళింది.

"ఏడిపించావుగా, ఇక నిద్రపో హాయిగా," అంది చెల్లెలు.

పిల్ల తిరిగొచ్చింది. ఈసారి తట్టలేదు. స్టూలు లాక్కుని బల్ల ఇవతలికి, అతని మోకాలి పక్కకి వచ్చి కూర్చుంది.

"అయ్యా, నేను ప్రాసిక్యూటర్ని. మీ ఆవిడ కేసు ఇవాళ ఆగిపోయింది. ఆపమని అడిగింది నేనే."

అతను గోడకేసి చూశాడు. "ఎందుకు?"

"బండి తోలింది ఎవరో చూపించలేకపోయాను. ఆవిడ చావు చిన్నదని కాదు. మీకు నా మీద కోపం వస్తుంది."

"వస్తుంది. చచ్చేదాకా పోదు."

"పోనక్కర్లేదు. ఎప్పుడైనా నా గదికి రండి. తిట్టడానికైనా రండి."

"లోపల అందరూ మృతురాలు, మృతురాలు అంటూనే ఉన్నారు. దానికో పేరుంది. అది తెలుసా మీకు?"

పిల్ల ఇంటిపేరుతో సహా చెప్పింది. ఆ ఇంట్లో అమ్మ అనేవాళ్ళు, వదిన అనేవాళ్ళు ఉన్నారు గాని, ఆ పేరు పైకి పలికి ఏళ్ళయింది. అతనూ పలకలేదు. పిలిస్తే ఆవిడ పలకదని భయం.

చెల్లెలు దారం కొరకడం మరిచి కోటు ఒళ్ళో పెట్టుకుంది. కూతురు చేతులు ఒళ్ళో కట్టుకుని జవాబు కోసం చూస్తోంది.

"సరిగా వినపడలేదు," అన్నాడు ఛైర్మన్. "ఇంకోసారి చెప్పండి."