ఎటు తిరిగింది పోగు

మ్యూజియంలో అత్తయ్య మాటంటే మాటే. నలభై ఏళ్లుగా పాత బట్టలు తడిమి తడిమి ఆవిడ వేళ్లకే కళ్లొచ్చాయని అందరూ అంటారు. అలాంటి అత్తయ్యకు తప్పు చూపించాల్సిన కర్మ అక్కడే పనిచేసే మేనకోడలికి పట్టింది. పైగా రేపే ప్రదర్శన.

గాజు బీరువాలో నాలుగు గుడ్డపీలికలు. మనిషి బట్ట కట్టడం నేర్చిన తొలినాళ్లలో ఒక నది ఒడ్డువాళ్లు కాడలు నానబెట్టి నార తీశారు, ఇంకోచోట దూది వడికారు, చలికొండల్లో గొర్రె బొచ్చు, మరెక్కడో పురుగు గూటి నుంచి పట్టు. ఎవరి తిప్పలు వాళ్లవి. మొదటి పీలిక పక్కన మావయ్య ముత్యాల్లాంటి అక్షరాలతో చీటీ: "అవిసె నార". మావయ్య పోయి ఆరేళ్లు. ఆ చీటీని ఒకసారి చూసుకోనిదే అత్తయ్య ఇంటికి వెళ్లదు.

పొద్దున ఆ పీలిక నుంచి రాలిన పోగును మేనకోడలు తడిపి, కొస తన వైపు ఉండేలా పట్టుకుని ఆరనిచ్చింది. ఆరేటప్పుడు అవిసె పోగు గడియారం ముల్లులా కుడికి తిరుగుతుంది. ఇది ఎడమకు తిరిగింది. మూడుసార్లు చూసినా అంతే. జనపనార!

"అత్తయ్యా, కోప్పడనంటే ఒకటి చెప్తా."

"కోప్పడే మాటైతే కోప్పడతా. చెప్పు."

చెప్పింది. అత్తయ్య తనే మరో పోగు తడిపి పట్టుకుంది. ఎడమకే తిరిగింది. అత్తయ్య చీటీ వైపు చూసింది. తర్వాత చెవులదాకా ఎర్రబడి నవ్వింది.

"మొదట పరీక్ష చేసిన రోజు కొస నా వైపే పట్టుకున్నానే. మీ మావయ్య కొత్తగా చేరాడు. చీటీ రాయడానికి బల్లకి అవతల కూర్చున్నాడు. 'కుడికి తిరిగిందండీ' అన్నాడు. అవతల నుంచి చూస్తే కుడికే కదా మరి!"

"నువ్వు చూడలేదా?"

"పోగును చూస్తే కదే! ఆయన్ని చూస్తున్నా."

మేనకోడలికి నవ్వూ ఏడుపూ కలిసొచ్చాయి. ఆ చీటీ తీయడానికి చెయ్యి రాలేదు.

"ఉంచేద్దాం అత్తయ్యా. ఎవరికి తెలుస్తుంది?"

"ఛ, నోరు మూసుకో. ఏ మహాతల్లో వేళ్లు కోసుకుపోయేలా వడికింది. దాని పేరు మారిస్తే ఆవిడ ఉసురు తగలదూ? కొత్తది రాయి."

రాసింది. పాత చీటీని అత్తయ్య మడత పడకుండా కళ్లజోడు పెట్టెలో దాచుకుంది.

"అది మ్యూజియం సొత్తు కదా?" అని మేనకోడలు ఏడిపించింది.

"నార మ్యూజియానిది. తప్పు మా ఇద్దరిదీ," అంది అత్తయ్య.