రాయి మాట

పొద్దు పొడవంగనే లింగవ్వ కోరుట్ల శివారుల, మెట్‌పల్లి రోడ్డు పక్క కంకర కుప్ప కాడికి పోయేది. సుత్తె పట్టకముందు చేతులు కడిగి, నోరు పుక్కిలించి, రాయి మీద నాలుగు చుక్కలు చల్లి, "తల్లీ, పొట్ట కోసం కొడుతున్న, ఏమనుకోకు" అనేది. అడగకుండ కొడితె రాళ్లకు నెత్తురొస్తది గద, చీర ఖరాబైతది. ఇగ కోపంతోని ఇసిరిన రాయైతె, ఇసిరినోని చేతుల మళ్ల పెట్టంగనే బొటబొట కారుతది. అందుకే ఆ దిక్కు పోలీసులకు సాక్షులతోని పని తక్కువ.

"దుబాయిల మా ఫోర్‌మన్ జపానాయన," అని చెప్తుండె ఆమె పెనిమిటి నర్సయ్య, నడుం ఇరిగి మంచాన పడ్డంక. "వాళ్ల కాడ రాయిల, నీళ్లల్ల, చెట్టుల అన్నిట్ల దేవుడుంటడట. కామి అంటరట. ఆ దేవుని కాడికి పోయేముందు చెయ్యి, నోరు కడుక్కుంటరు. అచ్చం నీ లెక్కనే."

"అండ్ల కొత్తేమున్నది? మన పోశవ్వ తల్లి గూడ రాయే గాదా?" అనేది లింగవ్వ.

సకల జనుల సమ్మె నడుస్తున్న దినాలవి. బస్సులు బందు, బడులు బందు. వాళ్ల బిడ్డ సుమలత కాలేజి పిల్లలతోని ఆ కంకర కుప్ప పక్కనే రోడ్డు మీద బైఠాయించింది. ఎండ నెత్తికెక్కిన యాళ్లకు పోలీసు వ్యాన్లచ్చినయి. లేవుండ్రి అన్నరో లేదో లాఠీలు లేచినయి. ఎముకలు ఎండు కట్టెల లెక్క ఇరిగినయి. పొగ గోళాలు పేలి కండ్లు మండినయి. సుమలత సోపతి నిఖత్‌ను ఒక పోలీసోడు జుట్టు పట్టి డాంబరు మీద ఈడుస్తుంటె, ఆ పిల్ల మోకాళ్ల తోలు లేచి ఎముక తేలింది. తల్లి కొట్టే కుప్పల నుంచి సుమలత ఒక రాయి ఎత్తింది. దాన్ని ఏమీ అడగలే. ఇసిరింది.

అది ఈడ్చేటోనికి తగలలే. పక్కన నిలవడ్డ మైసయ్య అనే మేడిపల్లి కానిస్టేబుల్ దవడ పగిలింది. ఆయన కింద పడి, నెత్తురుతోని పండ్లు ఉమ్ముకుంట, ఇసిరిన పిల్ల మొఖం చూసిండు.

ఠాణ వాకిట్ల పిల్లలను కూసోవెట్టి అరికాళ్ల మీద కొట్టిండ్లు. ఇన్‌స్పెక్టర్ ఆ రాయి తెప్పించిండు. "ఎవల చేతుల కారితె వాళ్ల మీద హత్యాయత్నం కేసు. జైల్లనే ముసలోళ్లయితరు."

ఒక్కొక్కళ్ల చేతుల పెట్టుకుంట వస్తుండ్రు. కారనోళ్లకు గూడ ఒక గుద్దు పడుతున్నది. ఇంకో ఇద్దరైతె సుమలత వంతు.

లింగవ్వ ఉరుక్కుంట వచ్చింది. వాకిట్ల నల్లా నీళ్ల కింద చేతులు కడిగింది, నోరు పుక్కిలించింది. ఒక జవాను బుజం మీద లాఠీతోని ఏసిండు. ఆమె ఆగలే. రాయిని దోసిట్లకు గుంజుకొని, పెదవుల కాడ పెట్టుకున్నది.

"తల్లీ, ఒక్క అబద్ధమాడు."

ఆ దిక్కు రాయి ఎన్నడూ అబద్ధమాడలే. జెరసేపు చల్లగనే ఉన్నది. తర్వాత వెచ్చబడ్డది. ఆమె ఏళ్ల సందుల నుంచి నెత్తురు కారి, మోచేతుల దాక పారింది.

"నువ్వానే ముసల్దాన?" ఇన్‌స్పెక్టర్ చెంప పగులగొట్టిండు.

లింగవ్వ కింద పడ్డది గని రాయి విడువలే. "నేనే సారూ. పసిపిల్లలను గట్ల ఈడుస్తుంటె కడుపు మండింది."

ఇన్‌స్పెక్టర్, దవడకు గుడ్డ కట్టుకున్న మైసయ్య దిక్కు తిరిగిండు. "నువ్వు చూసినవ్ గదా?"

మైసయ్య లింగవ్వను చూసిండు, ఆమె బిడ్డను చూసిండు. "రాయి చెప్పినంక నేనేం చెప్త సార్," అన్నడు ముద్దముద్దగ.

"అబద్ధం! కొట్టింది నేను!" సుమలత లేచి తల్లి చేతుల నుంచి రాయి గుంజుకున్నది. అరచేతులల్ల పెట్టుకొని పిసికింది, గోర్లు ఇరిగేదాక పిసికింది. రాయి ఉలకలే.

"తల్లి కోసం ఆగమైతున్నది పిల్ల. ఇంటికి పంపుండ్రి," అన్నడు ఇన్‌స్పెక్టర్.

లింగవ్వను వ్యాన్ల ఎక్కించిండ్లు. "నాయిన పొద్దటిసంది తినలే, జెర వండిపెట్టు బిడ్డా," అన్నది. వ్యాన్ పోయింది. సుమలత వాకిట్లనే నిలవడి రాయిని పిసుకుతున్నది.

మైసయ్య వచ్చి, ఆమె ఏళ్లు ఒక్కొక్కటి విప్పి రాయిని తీసుకున్నడు. ఆమె తలకాయ ఎత్తలేకపోయింది.

"బస్సులు లేవు. పొద్దుండంగనే ఇల్లు చేరు బిడ్డా," అన్నడు.