ఎర్ర గీత ఉన్న కంపెనీ తూటాలు

మూడేళ్ళుగా మా ఇంట్లో బట్టలుతికే గది నాది కాదు. మాంటానా చలికాలమంతా మా ఆయన వెర్లిన్ అందులోనే కూర్చుని, పేలిన ఇత్తడి గొట్టాలు తోమి, మందు తూచి పోసి, గుండు బిగించి సొంతంగా తూటాలు కడుతుంటాడు. ఆయన కోరిక ఒక్కటే. వాళ్ళ నాన్న వదిలివెళ్ళిన కంపెనీ తూటాలకు సరితూగే తూటా తన చేత్తో చేయాలి.

ఆ తూటాలు పాత అట్టపెట్టెలో పది మిగిలాయి. ఒక్కోదాని అడుగున సన్నటి ఎర్ర గీత గుండ్రంగా ఉంటుంది.

"కంపెనీ సీలు ఇది. తడి చేరకుండా వేస్తారు. కంపెనీ కంపెనీయే," అనేవాడు వెర్లిన్, ప్రతిసారీ కొత్తగా చెబుతున్నట్టు. వాళ్ళ నాన్నకు ఆ కంపెనీ పంపిన టోపీ మా ఆయన నెత్తి దిగదు.

ఈ వేసవిలో తుపాకీ క్లబ్బులో నోరు జారాడు. శనివారం పోటీలో తన తూటా కంపెనీ తూటాకు సమానం కాకపోతే తూటాలు బిగించే ప్రెస్సును క్లబ్బు స్నేహితుడు థర్మన్‌కు ఇచ్చేస్తానన్నాడు. నా గది నాకొస్తుందని కర్టెన్ల గుడ్డ కూడా కొనేశాను. కానీ శుక్రవారం ఊపిరి బిగబట్టి మందు తూస్తున్న ఆయన్ని చూశాక నా సంబరం చల్లారింది. ఈయన గెలిస్తే బాగుండు అనిపించింది.

శనివారం పోటీలో మొదట వాళ్ళ నాన్న పెట్టెలోవి అయిదు కాల్చాడు. చిల్లులు ఎంత దగ్గరగా పడితే తూటా అంత మంచిదన్నమాట. అయిదు చిల్లులూ ఒక్క పావలా బిళ్ళ కింద దాగాయి. తర్వాత తనవి అయిదు. ఆ చిల్లులు కప్పడానికి నా కాఫీ సాసరు కావలసి వచ్చింది.

థర్మన్ భుజం తట్టాడు. "పర్లేదులే వెర్లిన్. రేపు ట్రక్కు తీసుకొస్తా."

మా ఆయన ముఖం చూడలేకపోయాను. ఎనభై రెండేళ్ళ మా అత్తగారు ఓర్ఫా మాత్రం మడతకుర్చీలో నింపాదిగా హకుల్‌బెర్రీ పళ్ళు కూరిన తీపి రొట్టె తింటోంది.

"ఆ పెట్టె ఇటివ్వరా," అంది. ఒక తూటా తీసి, తిరగేసి, కళ్ళద్దాలు సర్దుకుని చూసింది. అంతే, రొట్టె గొంతుకు అడ్డంపడేలా నవ్వింది. "ఇవి నేను కట్టినవిరా, వెర్రినాగన్నా."

అప్పుడు ఆవిడ గోళ్ళు చూశాను. తూటా మీది గీతదీ ఆ గోళ్ళ రంగుదీ అదే ఎరుపు. పెళ్ళైనప్పటి నుంచీ చూస్తున్నాను, ఆవిడ రంగు మార్చింది లేదు.

"కంపెనీ పెట్టెలో ఉన్నాయి కదమ్మా," అన్నాడు వెర్లిన్.

"నువ్వు కట్టినవి ఎందులో పెడుతున్నావు?"

పాత కంపెనీ పెట్టెల్లోనే. చేత్తో కట్టేవాళ్ళంతా అంతే. ఈ మహానుభావుడు మాత్రం తండ్రి పెట్టె మీది అచ్చు చూసి నమ్మేశాడు.

"అంగడి తూటాలు మీ నాన్న వాడిన ఈ తుపాకీకి పడేవి కావు. ప్రతి ఏడూ వేట నుంచి వట్టిచేతులతో వచ్చేవాడు," అంది అత్తగారు. "ఆడవాళ్ళు కట్టిన తూటా ముట్టనన్నాడు. ఆయనకి సాలీళ్ళంటే భయం, నేలమాళిగలోకి దిగడు. ఊరగాయ సీసాల వెనక కూర్చుని ముప్పై ఏళ్ళు కట్టాను."

"మీకు కోపం రాలేదా?" అన్నాను.

"వచ్చింది. ఆయన కంపెనీకి మెచ్చుకుంటూ ఉత్తరం రాసినరోజు మాత్రం నవ్వాగలేదు. దాన్ని పోస్టులో వేసింది నేనే. ఆ టోపీ అప్పుడొచ్చిందే."

థర్మన్ ఊరుకుంటాడా? ట్రక్కులోంచి అంగడి సీలు విప్పని పెట్టె తెచ్చాడు. "పందెం కంపెనీతో కదా. ఇవి కాల్చు."

వెర్లిన్ కాల్చాడు. అయిదింటికీ సాసరు చాలలేదు. అన్నం తినే పళ్ళెం పెట్టినా ఒకటి బయటే ఉండిపోయింది.

క్లబ్బంతా పొట్టలు పట్టుకుని నవ్వింది. మా ఆయన కంపెనీని ఎప్పుడో దాటేశాడు, మూడేళ్ళుగా ఓడుతున్నది అమ్మ చేతిలో. ప్రెస్సు మాకే మిగిలింది, నా కర్టెన్లు గంగలో కలిశాయి. అయినా నేనూ కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వాను.

వెర్లిన్ నెత్తిమీది టోపీ తీసి వాళ్ళమ్మకు పెట్టాడు. పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"చెప్పమ్మా. మందు ఎంత పోసేదానివి?"

అత్తగారు టోపీ సర్దుకుంది.

"అది కంపెనీ రహస్యం నాయనా."