ఎడమ చెంప

మధ్యాహ్నం భోజనం అయ్యాక అక్క ఎడమ చెంప కుడి చెంపకంటే లావుగా కనిపించింది. చెల్లెలు చూసింది. చూసి ఊరుకుంది. గొడవంతా ఆ ఊరుకోవడంతోనే వచ్చింది.

అక్కకు యాభై ఎనిమిదేళ్లు. ఒక పెద్ద షాపులో మేకప్ సామాన్ల కౌంటర్ ఆమెది. ముడతలు పోగొట్టే క్రీములు అమ్ముతుంది. కొనడానికి వచ్చినవాళ్లు ముందు డబ్బా వంక చూడరు, అమ్మే మనిషి మొహం వంక చూస్తారు. ఇదెక్కడి న్యాయమో గానీ లోకం తీరే అంత. కొత్తగా వచ్చిన మేనేజరు, మీసాలు సరిగ్గా మొలవని మహానుభావుడు, ఆమెను కౌంటర్ మీంచి తీసి వెనక గోదాములో పడేస్తానన్నాడు. అక్క ఒంటికాలి మీద లేచింది. మర్నాడే మొహం బిగించే ఆపరేషన్ చేసే డాక్టరమ్మ దగ్గరికి బయల్దేరింది, తోడు చెల్లెల్ని లాక్కుని.

చెల్లెలు మూడేళ్లు చిన్నది. దర్జీ. వీధిలోకి తెరుచుకునే చిన్న గదిలో కుట్టుమిషను పెట్టుకుని జనం బట్టలు సరిచేస్తుంది. వదులైనవి బిగిస్తుంది, పొడుగైనవి మడిచి కుడుతుంది. పైన రెండు గదుల్లో కాపురం. జుట్టుకు రంగు వెయ్యదు. కొత్తవాళ్లెవరొచ్చినా ఆమెనే పెద్దదనుకుంటారు. పైకి నవ్వేసేది. లోపల మాత్రం ముల్లు గుచ్చుకునేది, అదీ ఇవాళా నిన్నా కాదు, పరికిణీలు కట్టుకున్న వయసు నుంచీ.

డాక్టరమ్మ మాత్రం కల్లాకపటం లేని మనిషి. "సూదులతో ఫిల్లర్ ఎక్కిస్తే పల్లాలు పూడతాయి, అంతేగానీ జారింది పైకి రాదు. దారాలు వేసి లాగితే ఏడాదో ఏడాదిన్నరో నిలబడుతుంది. లేజరుతో చర్మం నునుపవుతుంది, మెడ కింద వేలాడేదాన్ని అదేం చెయ్యలేదు. మీకు దవడా మెడా రెండూ జారాయి, కాబట్టి కోతే సరైంది. లేదూ, ఉన్నదాన్ని ఉన్నట్టు వదిలెయ్యడం కూడా ఒక దారే. దానికి నాకు ఫీజు రాదనుకోండి" అంది.

"చర్మం లాగి చెవి వెనక కుట్టేస్తారా?" అని చెల్లెలు అడిగింది.

"ఉత్త చర్మం లాగితే బరువంతా కుట్టు మీద పడి మచ్చ విచ్చుకుంటుందమ్మా. లోపలి పొరను ఎత్తి బిగిస్తాం. పైది తేలిగ్గా పరుస్తాం."

"అస్తరు బిగించి పైబట్ట వదులుగా వెయ్యడం."

"అచ్చం అదే" అని డాక్టరమ్మ నవ్వి, తర్వాత వరసగా అడిగింది. సిగరెట్ అలవాటుందా, రక్తపోటుందా, ఆస్ప్రిన్ లాంటివి, రక్తం పల్చబరిచే మందులు వాడుతున్నారా అని.

"ఆ పేరున్న మందు మా గడప తొక్కలేదండీ" అంది అక్క ధీమాగా. చెల్లెలు అవునవునంది.

అబద్ధమాడారని కాదు. వాళ్ల ఇంటి పద్ధతి అలాంటిది. వాళ్లమ్మకు మందుల రేకులంటే చిరాకు. ఇంటికి తేగానే బిళ్ళలన్నీ ఒలిచి, రంగుల వారీగా గాజు సీసాల్లో పోసేది. పచ్చబిళ్ళ కడుపుకి, తెల్లబిళ్ళ జ్వరానికి, గులాబిబిళ్ళ ఏ నొప్పికైనా. పేర్లు ఆవిడకీ తెలీవు, కూతుళ్లకీ తెలీవు. అమ్మ పోయాక చెల్లెలు ఆ సీసాలనూ ఆ పద్ధతినీ తన ఇంటికి తెచ్చుకుంది. అయిపోతే మిగిలిన బిళ్ళొకటి మందుల షాపులో చూపించి "ఇవే ఇవ్వు బాబూ" అనేది. వాడిచ్చేవాడు.

ఆపరేషన్ బాగానే జరిగింది. ఒక రాత్రి అక్కడే ఉంచుకుని, మర్నాడు పొద్దున అక్కను చెల్లెలింటికి పంపించారు. బావ పోయి చాలా కాలమైంది, చూసుకోవడానికి ఇంకెవరున్నారు గనక! పంపేటప్పుడు డాక్టరమ్మ ఒకటికి రెండుసార్లు చెప్పింది. తల ఎత్తుగా పెట్టుకోవాలి, వంగకూడదు, గట్టివి నమలకూడదు, గట్టిగా నవ్వనుకూడదు. కుట్లు వారానికి విప్పుతారు. కమిలిన నలుపు రెండు మూడు వారాలు, చెవుల దగ్గర తిమ్మిరి కొన్ని నెలలు ఉంటుంది. "రెండువైపులా వాపు సహజం. ఒకవైపే పెరిగితే మాత్రం ఒక్క క్షణం ఆగొద్దు. నాకు ఫోన్ చెయ్యండి."

ఇంటికొచ్చాక అక్క ఒకటే మూలుగు. ఆస్పత్రివాళ్లిచ్చిన బిళ్ళ వేసినా తగ్గలేదు. "ఈ తెల్లవాటితో ఏమవుతుందే నీ మొహం" అని చెల్లెలు విసుక్కుని సీసా తీసి ఒక గులాబిబిళ్ళ మింగించింది. మధ్యాహ్నం పాలల్లో రొట్టె నానబెట్టి తినిపించాక ఇంకోటి వేసింది. గిన్నె కడిగి వచ్చేసరికి ఆ ఎడమ చెంప కనిపించింది, కట్టు అంచుమీంచి కాస్త పైకి పొంగి.

చూసీ కిందికి దిగిపోయింది. సాయంత్రానికి ఇవ్వాల్సిన కోటు ఉందని మనసుకు సర్దిచెప్పుకుని మిషను ముందు కూర్చుంది. అసలు సంగతి వేరు. చెప్పుకుంటే సిగ్గుచేటు, చెప్పకా తప్పదు. ఆ చెంప చూడగానే ఆమెకు రవ్వంత సంతోషం కలిగింది. కానీ, కాస్త వంకర రానీ, జన్మకొకసారి దానికి కూడా ఏదో ఒకటి వంకర రానీ అనుకుంది. అలా అనుకున్నందుకు తనమీద తనకే అసహ్యం వేసింది. అయినా లేవలేదు. కోటు అంచు ఈ చివర్నుంచి ఆ చివరిదాకా కుట్టింది.

పైనుంచి నేలమీద గ్లాసుతో కొడుతున్న చప్పుడు వచ్చింది. మెట్లెక్కి వెళ్లి చూసేసరికి ఆమె పైప్రాణాలు పైనే పోయాయి. ఎడమవైపు కన్ను సగం మూసుకుపోయింది. చెంప నీలంగా తేలి, వేలు పెడితే రాయిలా తగిలింది. అక్క నోరు సరిగ్గా తెరవలేకపోతోంది. "లోపల... చీల్చేస్తోందే" అంది పళ్ల సందుల్లోంచి.

చెల్లెలు ఫోన్ చేసింది. డాక్టరమ్మ విన్నది, వెంటనే తీసుకురమ్మంది. "మేమిచ్చినవి కాక ఇంకేమైనా మందు వేశారా?"

"లేదండీ" అనేసింది చెల్లెలు. ఎందుకన్నదో తనకే తెలీదు. భయానికి నోరు అబద్ధం వైపే తిరిగింది. ఫోన్ పెట్టేశాక సీసా తీసి సంచిలో పడేసుకుంది.

టాక్సీలో అక్క తల సీటుకు ఆనించుకుని కళ్లు మూసుకుంది. దారంతా ఎర్రదీపాలే. ఆగినచోటల్లా చెల్లెలు ఆ చెంప వంక చూస్తోంది. ఆ బిళ్ళ ఏమిటో? దాని పేరేమిటో? డాక్టరమ్మ అడిగిన మందు ఇదే అయితే? ఇప్పుడు చెబితే ఏమంటారు, చెప్పకపోతే దీని మొహం ఏమవుతుంది? సంచిలో బిళ్ళలు గలగలమన్నప్పుడల్లా పక్కనెవరో తనమీద చాడీ చెబుతున్నట్టే ఉంది.

బల్లమీద పడుకోబెట్టి కట్టు విప్పగానే డాక్టరమ్మ మొహంలో నవ్వు మాయమైంది. "లోపల రక్తం చేరి గడ్డకట్టింది. కిందనుంచి చర్మాన్ని ఎత్తేస్తోంది. ఇప్పుడే కుట్లు విప్పి తీసెయ్యాలి, లేకపోతే చర్మం నల్లబడి చచ్చిపోతుంది. ఎప్పుడు మొదలైంది?"

"ఇప్పుడే" అంది అక్క, అతికష్టంమీద. "గంట కూడా... కాలేదు."

"వేరే మందేదీ వేసుకోలేదుగా?"

"లేదు" అంది అక్కే.

మూసుకుపోని కన్నుతో అక్క చెల్లెలి వంకే చూస్తోంది. ఫోన్లో చెల్లెలు ఆడిన అబద్ధం విన్నది కదా, దాన్నే మోస్తోంది. ఒళ్లంతా నొప్పిలో మునిగి ఉండి కూడా దీన్ని తిట్లు తిననివ్వకూడదని చూస్తోంది. చెల్లెలికి తల కొట్టేసినట్టయింది.

"వేశాను డాక్టరుగారూ. నేనే వేశాను, రెండు" అంటూ సీసా తీసి చేతికిచ్చింది. "పేరు తెలీదు. మా ఇంట్లో నొప్పికి ఇదే."

డాక్టరమ్మ మూత తీసి వాసన చూసింది. పుల్లటి వాసన గుప్పుమంది. "ఆస్ప్రిన్ పాతబడితే ఇలాగే ఉంటుంది. నేను అడిగింది దీని గురించేనమ్మా! ఇప్పటికైనా చెప్పారు. లేకపోతే రక్తం దానంతటదే ఆగుతుందనుకుని మూసేసేదాన్ని, రాత్రికి మళ్లీ నిండేది." నర్సుకు ఏవేవో పురమాయించి ఇటు తిరిగింది. "వాపు?"

"భోజనం అయినప్పట్నుంచీ ఉంది. నేను చూశాను."

"చూసి?"

"చూసి, కిందికెళ్లి కోటు కుట్టుకున్నాను."

డాక్టరమ్మ చేతి తొడుగులు వేసుకుంది. తిట్టినా బాగుండేది. అక్క కళ్లు మూసుకుంది. నర్సు బల్లను లోపలికి తోసుకుపోయింది.

గడ్డ తీసేశారు, కారుతున్నచోట ఆపారు, మెడ పక్కన సన్నటి గొట్టం పెట్టారు. చర్మం చాలామటుకు బతికే ఉందన్నారు. చెవి ముందర ఒక్కచోట మాత్రం రంగు బాగాలేదు, రెండు రోజులాగితే గానీ తేలదన్నారు. ఆ రెండు రోజులూ చెల్లెలు మంచం పక్క కుర్చీలోంచి కదల్లేదు. అక్క ఆమెతో మాట్లాడలేదు. గ్లాసు అందిస్తే తాగింది, దిండు సర్దితే సర్దించుకుంది.

రెండోరోజు పొద్దున, డాక్టరమ్మ వచ్చే ముందు, అక్క నోరు విప్పింది.

"సంతోషపడ్డావు కదూ?"

చెల్లెలు దుప్పటి మడత సరిచేసింది. "ఆఁ" అంది చివరికి. "ఒక అంచు కుట్టేంతసేపు."

"నాకు తెలుసు. నువ్వు చూడ్డం నేను చూశాను." అక్క ఊపిరి పీల్చుకుని మళ్లీ అంది: "ఫోన్ నా దిండు పక్కనే ఉందే. నేనే చెయ్యొచ్చు. చెయ్యలేదు. ఇది వెనక్కొస్తుందా రాదా అని చూస్తూ పడుకున్నా."

"ఒసేయ్, నీకేమైనా పిచ్చా? మొహం పోయేది!"

"పోయేదే. నువ్వు రాకపోతే ఈ మొహం బాగుండి మాత్రం ఎవరికి చూపించుకోవాలి?"

చెల్లెలికి ఏడుపు ఆగలేదు. డాక్టరమ్మ వచ్చి గాజుగుడ్డ తీస్తుంటే ముక్కు చీదుకుంటూ నిలబడింది. నర్సు అద్దం తెచ్చింది. అక్క వద్దని చెయ్యి ఊపింది. "నువ్వు చూసి చెప్పు. ఉన్నది ఉన్నట్టు చెప్పు."

చెల్లెలు వంగి, దీపం వెలుగులో మెల్లగా, బట్టమీద మరక వెతికినట్టు చూసింది.

"చెవి ముందర నల్లబడింది. బొటనవేలి గోరంత. మచ్చ పడుతుంది."

డాక్టరమ్మ నిజమేనన్నట్టు తలూపింది. అక్క దుప్పటి అంచు గుప్పెట్లో బిగించింది. "మిగతాది?"

"మిగతాదంతా చాలా బాగుందక్కా" అంది చెల్లెలు. "చూస్తుంటే నాకు ఒళ్లు మండిపోతోంది."

అక్క పెదాలు అదిరాయి. రెండు చేతులూ ఎత్తి చెంపలు పట్టుకుంది. "నవ్వించకే పాపిష్టిదానా" అంది, "కుట్లు తెగుతాయి."