నూటికి అరవైమూడు పాళ్ళ వాన

ఏళ్ళ తరబడి రాసిపెట్టిన వాన లెక్కల నుంచి ఏదైనా తేల్చాలంటే ముందు ఒక మాట నమ్మాలి, అన్నేళ్ళూ ఒకే తీరుగా కొలిచారని. ఆ నమ్మకం నిలుస్తుందో లేదో పరీక్షించడమే సౌమ్య పరిశోధన. తిరువళ్ళూరులో ఉంటూ, చెన్నైలో చదువుతూ, చుట్టుపక్కల పదకొండు చోట్ల లెక్కలు పట్టింది. పది గట్టెక్కాయి. తిరుత్తణి దగ్గర ఒక మామిడితోటది మాత్రం ఎన్నిసార్లు చూసినా నిలవలేదు. 1991 దాకా పక్క ఊళ్ళతో సమానంగా కురిసిన వాన ఆ ఏటి నుంచి ఉన్నట్టుండి తగ్గిపోయింది. పక్క ఊళ్ళో నూరు పడితే ఆ తోటలో అరవైమూడు. ఏ ఏడు చూసినా దాదాపు అంతే.

"ఆ స్టేషన్ తీసెయ్యమ్మా, పదితో సరిపెట్టుకుందాం," అన్నారు గైడు నటరాజ్ సారు.

"వాన తనంతట తాను ఇంత లెక్కగా తగ్గదు సార్. ఒకసారి పోయి చూసొస్తాను."

మర్నాడు పొద్దున్నే రైలెక్కి తిరుత్తణిలో దిగి, షేర్ ఆటోలో తోట చేరింది. వాకిట్లో వేరుశనగ కాయలు ఒలుస్తున్న డెబ్బై ఆరేళ్ళ కన్నియమ్మ నవ్వుతూ ఎదురొచ్చింది. పిల్ల ఊత్తుకోట పక్క వాళ్ళ అమ్మాయనీ, తెలుగు మాట్లాడుతుందనీ తెలిసి ఇంకా సంబరపడింది. "వాన లెక్క గురించి వచ్చినానవ్వా" అనేసరికి ఆ నవ్వు కాస్తా ఆరిపోయింది.

అయినా కాఫీ ఇచ్చి, ట్రంకుపెట్టె తెరిచి నోటుబుక్కులు తెచ్చి పెట్టింది. యాభై ఏళ్ళవి. రోజూ పొద్దున ఎనిమిదిన్నరకు కొలత. వాన లేని రోజు కూడా సున్న చుట్టి ఉంది. కూతురి పెళ్ళినాడు కొలత ఉంది. భర్త తణికాచలం పోయిన మర్నాడూ ఉంది, అక్షరాలు వంకర పోయాయి అంతే. ఇంత శ్రద్ధగా రాసిన లెక్క చెడ్డదెట్లా అవుతుంది అనుకుంది సౌమ్య.

"అవ్వా, తొంభై ఒకటిలో ఏమైనా మారిందా? వాన పట్టే మానిక యాడన్నా జరిపినారా?"

కన్నియమ్మ మళ్ళీ కాయలు ఒలవసాగింది. "నేనే పగలగొట్టినాను పాపా," అంది. "వాన నీళ్ళు పోసి కొలిచే కొలగాజు. ఐప్పసి నెల, దీపావళి వానలో చెయ్యి జారింది. వాతావరణ ఆఫీసుకు చెప్తే నీ చేతిలో పని తీసేస్తారని మా ఆయన చెన్నైలో ఏదో అంగట్లో ఇంకోటి కొనుక్కొచ్చినాడు. అదీ గాజే, ఇదీ గాజే అన్నాడు. నాకు మాత్రం తెలస్తానే ఉంది. పెరట్లో తొట్టి నిండేది, గాజులో కొంచెమే చూపించేది. ముప్పై ఏళ్ళకు పైగా అబద్ధం రాసినాను. నా రాత ఏదీ పనికిరాదు గదా?"

"ఆ గాజు ఒకసారి చూపించవ్వా."

గాజు అడుగున 200 చ.సెం.మీ. అని అచ్చు. సౌమ్య ఇంట్లో ఉన్న కుట్టు టేపు అడిగి తీసుకుని, పెరట్లోని వాన మానిక దగ్గరికి పరుగెత్తింది. పాత కాలపు మానిక, నోరు అడ్డంగా సరిగ్గా అయిదంగుళాలు. ఫోన్‌లో లెక్క కట్టింది. ఆ నోటి వైశాల్యం నూట ఇరవై ఆరున్నర చదరపు సెంటీమీటర్ల పైచిలుకు. దాన్ని రెండు వందలతో భాగిస్తే పాయింట్ అరవైమూడు!

"అవ్వా!" అని ఒక్క కేక పెట్టింది. "ఈ గాజు పెద్ద నోరున్న మానికకు చేసిందవ్వా! అందుకే తక్కువ చూపించింది. నువ్వు అబద్ధం రాయలేదు. దినమూ ఒకే తప్పు రాసినావు. ఒక్కో దినం ఒక్కో రకంగా రాసుంటే ఎవురూ సరిచెయ్యలేరు. ఇప్పుడు ఈ గాజుతో రాసినవన్నిట్నీ ఒకటిన్నరకు కొంచెం ఎక్కువతో హెచ్చిస్తే చాలు."

"సుమ్మా, ఊరికే నా మనసుకోసం చెప్పొద్దు," అంది కన్నియమ్మ. తనే వెతికి ఒక పేజీ తీసింది. "ఈ దినం బావి గట్టు మించి పారింది. గాజులో నూట డెబ్బై ఒకటే వచ్చింది. హెచ్చించు చూస్తాం."

"రెండు వందల డెబ్బై మిల్లీమీటర్లవ్వా."

"ఆమా! అంతే ఉంటుంది! ఆ దినమే అనుకున్నాను నేను!" ముసలామె చెంపల మీద కన్నీళ్ళు, నోటినిండా నవ్వు.

అక్కడే అరుగు మీద ల్యాప్‌టాప్ తెరిచి సౌమ్య మళ్ళీ పరీక్ష పెట్టింది. తెర మీద 1991 దగ్గర విరిగిన గీత అతుక్కుని నేరుగా సాగింది. ఫోన్ చేస్తే నటరాజ్ సారు విని, "పదకొండింటిలో ఒక్క రోజూ ఖాళీ లేనిది అదొక్కటేనమ్మా. దాన్ని ముందు పెట్టు," అని గట్టిగా నవ్వారు.

"అయితే మా ఊళ్ళో వాన తగ్గలేదా పాపా?" అడిగింది కన్నియమ్మ.

"ఈ యాభై ఏళ్ళలో తగ్గిందనడానికి ఏమీ లేదవ్వా."

కన్నియమ్మ చీర కొంగు బిగించి కంచె దగ్గరికి నడిచింది. అవతల చెరుకు తోటలో పనిచేసుకుంటున్న తమ్ముడు రాజమాణిక్యాన్ని ఊరంతా వినేలా పిలిచింది.

"ఒరే రాజమాణిక్యం! వాన తగ్గిపోయిందని దినమూ ఏడస్తావే, తగ్గలేదంట రా!"

"ఎవురు చెప్పినారక్కా?"

"నేను రాసినాను రా!"