నిలబెట్టిన దావ

పొద్దున లేస్తూనే ప్రభుదాసు గడ్డపారకు అంటుకున్న నిన్నటి మట్టిని గీకి, నూలుతాడు చుట్ట భుజానికి తగిలించుకొని పనికి బయలుదేరుతాడు. నంద్యాలలో ఇంటి చుట్టూ నాపబండల కంచె నిలబెట్టించాలంటే ఆయన్నే పిలుస్తారు. బండలో మూడోవంతు భూమిలోకి దించి, పక్కదానితో అంచు కలిపి, వెనకాల రాళ్లు గుద్ది వదిలితే ఎనుము వచ్చి ఒళ్లు రుద్దుకున్నా అది కదలదు.

డెబ్బై ఎనిమిది డిసెంబరులో ఆయన కట్టింది కమలాక్షమ్మ ఇంటి కంచె. ఆ స్థలం వెనకే మిషన్ పేట. ప్రభుదాసు ఇల్లు ఆ పేటలోనే. పేటవాళ్లు రోడ్డెక్కాలంటే ఆ స్థలం అంచున ఉన్న కాలిదావనే నడవాలి. అందుకే ఆయన భార్య లూదియా మూడు రోజులుగా కంచంలో ముద్ద వేసి మాట లేకుండా పోతోంది. నాలుగో రోజు ఆమే నోరు తెరిచింది.

"మన దావకే అడ్డం కడతాండావు."

"నేను కట్టకపోతే గోస్పాడు నుంచి ఇంగొకడు వచ్చి కడతాడు."

"వచ్చేవాన్ని రానీ. వాని పెండ్లాన్ని కాదు గదా నేను."

లూదియా ఊళ్లో ఒక ఆస్పత్రిలో ఆయా. ఆరుగంటలకు డ్యూటీ. ఆ దావన పోతే పది నిమిషాలు. అది మూస్తే కాలువ వంతెన చుట్టి రావాలి, ముప్పావు గంట. కంచె పని మొదలైన వారంలోనే ఆమె నాలుగుసార్లు ఆలస్యంగా పోయింది. సోమవారం నుంచి ఒక్క పూట లేటైనా వేరే మనిషిని పెట్టుకుంటానని మేట్రన్ చెప్పేసింది.

దున్నేవానికే భూమి అని ఆ యేడు రైల్వే గోడ మీద ఎర్రరంగుతో రాశారు. నడిచేవానికే దారి అని రాయడానికి ఎవరి దగ్గరా రంగు మిగల్లేదు. పేటవాళ్లు ఇచ్చిన అర్జీ తాలూకా ఆఫీసులో ఏ కట్ట కిందో పడుకొని ఉంది.

కమలాక్షమ్మ భర్త ఆళ్లగడ్డలో సబ్‌రిజిస్ట్రారుగా చేసి, రిటైరై, నంద్యాలలో ఈ స్థలం కొని, ఎదురుగా అద్దె ఇంట్లో ఉంటూ రెండేళ్ల కిందట పోయాడు. ఇల్లు ఆమే కట్టించుకుంది. గేటు స్తంభాలకు ఆళ్లగడ్డ శిల్పుల దగ్గర తామరపూలు చెక్కించి తెప్పించింది. చెడ్డ మనిషి కాదు. కాగితం మీద లేనిది భూమి మీద కూడా లేదని నమ్మే ఇంట్లో నలభై ఏళ్లు కాపురం చేసిన మనిషి.

చివరికి పదకొండు బండలు తక్కువపడ్డాయి. బండలు తోలే మదార్ వచ్చి, ఎద్దు కుంటుతాంది, పది రోజులు బండి కట్టేది లేదని చెప్పిపోయాడు. కమలాక్షమ్మ దావ వైపు చెయ్యి చూపింది. బురద పట్టేచోట పేటవాళ్లు ఎప్పుడో పరుచుకున్న బండలు సరిగ్గా పదకొండు.

"అవి పీకి నిలబెట్టు. నా స్థలంలో ఉండేటివి నావే గదా. నున్నటి మొగం రోడ్డుకు పెట్టు, చూసేదానికి బాగుంటుంది."

నాపరాయికి తన మీద నడిచిన అడుగులు గుర్తుంటాయని ఆ సీమలో అందరికీ తెలుసు. ఎండలో కనపడవు. జడివానకూ కనపడవు. సన్నటి ముసురు రెండు మూడు రోజులు పడితే, రాయి నానేకొద్దీ ఒక్కొక్కటే తేలతాయి, ఎవరివి వాళ్లు గుర్తుపట్టేలా. అందుకే పాతబండలతో కంచె కట్టేటప్పుడు నడిచి నున్నబడ్డ మొగాన్ని ఇంటివైపు తిప్పుతారు.

"ముసురు పడితే అడుగులు తేల్తాయమ్మా," అన్నాడు ప్రభుదాసు.

"క్రిస్మస్ ముందర ముసురేందప్పా. చెప్పింది చెయ్యి."

ఆయన రెండోసారి చెప్పలేదు. ఆయన చేసిన తిరుగుబాటు అంతా అదే.

ఆ యేడు చలి రాలేదు. సముద్రంలో వాయుగుండమని రేడియో చెప్పింది. గోరువెచ్చని ముసురు పట్టుకొని వదల్లేదు. మూడో రోజుకు పదకొండు బండల మీదా అడుగులు తేలాయి. పేట మొత్తం రోడ్డు మీదికొచ్చి చూసుకుంది.

"ఇది నా కాలే," అన్నాడు ముసలి ఏసయ్య.

"నీ కాలు ఇంత నాజూగ్గా యాడుండె మామా?"

"పెండ్లికి ముందుది లేప్పా."

కమలాక్షమ్మ కొబ్బరిపీచుతో రుద్దించింది. సున్నం కొట్టించింది. ముసురుకు సున్నం కారిపోయి అడుగులు ఇంకా తేటపడ్డాయి. దాంతో పేటవాళ్లు మళ్లీ పోయి తాలూకా ఆఫీసు ముందర కూర్చున్నారు. శనివారం రెవెన్యూ ఇన్‌స్పెక్టరు వచ్చాడు. ముందు లోపలికి పోయి కాఫీ తాగాడు. తర్వాత గొడుగు కింద నిలబడి రాసి, రాసింది పైకి చదివాడు.

"బండలకు సహజంగా ఉండే మచ్చలు. రస్తా లేదు. అమ్మగారూ, ఒకసారి చూసుకొని సంతకం పెట్టండి."

రాళ్లు సాక్ష్యం చెప్పినా కలం ఎవడి చేతిలో ఉందన్నదే అసలు సంగతి. లూదియా పళ్లు కొరుక్కుంటూ నిలబడింది. ప్రభుదాసు తల ఎత్తలేదు.

కమలాక్షమ్మ కాగితం పట్టుకొని కంచె వెంట నడిచింది. తొమ్మిదో బండ దగ్గర ఆగింది. మగమనిషి ఎడమకాలు. రెండో వేలు లేదు. ఆళ్లగడ్డ ఆఫీసులో ఇనప్పెట్టె మీద పడి పోయిన వేలు అది. ఆ కాలికి ఆమె ఇరవై ఏళ్లు నూనె రాసింది. ఆ అడుగు పేటలోకి పోతోంది, తిరిగి వస్తోంది, మళ్లీ పోతోంది.

"లూదియా," అంది, వెనక్కి తిరక్కుండానే. "మా ఆయన ఈ పక్కకు ఏం పనిమీద వస్తాండె?"

లూదియా మొగుడి వైపు చూసింది. ఆయన చెప్పెయ్ అన్నట్టు తల ఊపాడు.

"మా అత్త దగ్గరికమ్మా. శుక్రవారం శుక్రవారం. అన్నానికి."

ఇన్‌స్పెక్టరు దగ్గాడు.

"ఏం పెడతాండె మీ అత్త?"

"కొర్రన్నం. ఎండుచేపల పులుసు. ఎవరికీ చెప్పొద్దని ఒట్టేయించుకున్యాడు. మా అత్త పొయ్యేదాంకా చెప్పల్యా."

"ఆఖర్లో గూడానా?"

"ఆఖరి శుక్రవారం గూడా."

పోయే ముందు మూడు నెలలు ఆయన ఇంట్లో కంచం పక్కకు నెట్టేవాడు. తన చేతివంట చెడిందని, ఆకలితో పంపేశానని కమలాక్షమ్మ అనుకుంది. అప్పట్నుంచి ఆమె ఒక్కపూటే వండుకొని, నిలబడే తినేది. ఈ మాట ఆమె ఎవరికీ చెప్పలేదు.

"తిన్యాడా?" అని అడిగింది.

"రెండుసార్లు పెట్టించుకున్యాడమ్మా."

చాటుగా తిని బయట నోరు మూసుకున్న పెద్దమనిషిని నేను పొగడను. బతికుండగా ఒక్కసారి, నేనూ ఆ దావనే పోతాను అని ఇంట్లో చెప్పి ఉంటే ఆ కంచె లేచేదే కాదు. కానీ కమలాక్షమ్మ కాగితాన్ని తిరిగి ఇన్‌స్పెక్టరు చేతిలో పెట్టింది.

"కొట్టేసి రాయప్పా. దావ ఉంది. మా ఆయన నడిచినాడు."

"అమ్మగారూ, పేరు రాస్తే నలుగురూ ఏమనుకుంటారో..."

"పేరు రాయి. చేసిన ఉద్యోగం గూడా రాయి."

ఆ మధ్యాహ్నమే ప్రభుదాసు గడ్డపార వేసి బండలు పీకాడు. ఆదివారం ఆరాధనకు కూడా పోకుండా పదకొండు బండలనూ మళ్లీ బురదలో పరిచాడు. ఆ రాత్రి లూదియా ఆయనకు అన్నం పెట్టి పక్కనే కూర్చుంది.

సోమవారం తెల్లవారుజాము. ముసురు ఇంకా పడుతూనే ఉంది. లూదియా డ్యూటీ చీర కట్టుకొని దావన పడింది. బండలు ఒకరు పట్టేంత వెడల్పే. రెండు పక్కలా మోకాటిలోతు బురద. నడుమ కమలాక్షమ్మ చెప్పులు లేకుండా, పేట వైపు తిరిగి నిలబడి ఉంది.

"కొంచెం జరగండమ్మా. నాకు డ్యూటీకి టైమైపోతాంది."

కమలాక్షమ్మ కుచ్చెళ్లు ఎత్తి పట్టుకొని బురదలోకి దిగింది. లూదియా నడిచిపోయింది.