పోయినవాళ్ల పేర్లు చదివిన డోరీన్

షికాగోలోని ఆ పోలిష్ చర్చిలో ఏటా నవంబరులో పోయినవాళ్ల పేర్లు చదువుతారు. ఈసారి ఆ పని, పోలిష్ ఇంట్లో పుట్టినా ఇంగ్లీషు తప్ప మరో ముక్క రాని డోరీన్ మీద పడింది. పదిహేను రోజులు కూర్చుని చర్చికొచ్చేవాళ్ల ఇంటిపేర్లన్నీ వల్లె వేసింది. ష్చెపాన్‌స్కి, గ్జెగోర్‌చిక్... ఎక్కడా తడబడలేదు. తమ పేరు వినపడగానే ఒక్కో ఇంటివాళ్లూ కొవ్వొత్తి వెలిగించారు.

చివర తాత పేరు. తన ఇంటిపేరే కదా, వల్లె వేయాలని తోచనేలేదు. ఆఫీసులో రోజూ చెప్పుకున్నట్టే ఇంగ్లీషు పలుకుబడిలో "వోజ్‌సికీ" అని చదివేసింది.

ముందు వరుసలో నానమ్మ కదల్లేదు.

"వెలిగించు నానమ్మా," అని గొణిగింది డోరీన్.

"వాడెవడో నాకు తెలీదే. ఊరందరినీ చక్కగా పిలిచావు. మీ తాతని కూడా పిలువు, వెలిగిస్తా."

అంతమంది ముందు డోరీన్ తలదించుకుని అడగాల్సి వచ్చింది.

"మన పేరు ఎలా పలకాలి నానమ్మా?"